ఒకే ఇంజను, రెండు ట్యాంకులు: కానుగ నూనెకు ఎప్పుడు తిప్పాలి, ఎప్పుడు తిప్పరాదు

వేరుశనగ ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే మన రైతుకు మిగిలే దారి ఒక్కటే. కుంటలోనో, చెక్‌డ్యాములోనో నిలిచిన కాసిని నీళ్ళను డీజిల్ ఇంజనుతో తోడి ఒక తడి ఇవ్వడం. 2016 ఆగస్టులో అనంతపురం జిల్లాలో ఎండుతున్న పైరును కాపాడడానికి ప్రభుత్వమే రెయిన్ గన్లు, డీజిల్ ఇంజన్లు పొలాలకు పంపిన సంగతి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం రైతులకు గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్క తడితోనే గింజ నిండుతుంది. కానీ డీజిల్ లీటరు వంద రూపాయల చుట్టూ తిరుగుతున్నప్పుడు ఆ తడి ఖర్చు సన్నకారు రైతు నడ్డి విరుస్తుంది.

ఇంకోవైపు చూస్తే గట్ల మీద, చెరువు కట్టల మీద, రోడ్ల పక్కన కానుగ చెట్లు కాయలు రాల్చి పోతున్నాయి. "ఆ నూనె పోసి ఇంజను నడపలేమా?" అని చాలామందికి సందేహం. నడపవచ్చు. కానీ డీజిల్ ట్యాంకులో నూనె పోసినంత సులువు కాదు. ఇంజనుకు రెండు ట్యాంకులు పెట్టి, డీజిల్‌తో మొదలుపెట్టి, వేడెక్కాక నూనెకు తిప్పి, ఆపే ముందు మళ్ళీ డీజిల్‌కు తిప్పే ఏర్పాటు కావాలి. ఆ ఏర్పాటులో మంచీ చెడూ ఈ వారం చూద్దాం.

ముందే ఒక మాట. ఉచిత కరెంటుతో బోరు నడుపుకునే రైతుకు ఈ వ్యాసంతో పని లేదు. కుంట, వాగు, పాత బావి దగ్గర 5 హెచ్.పి. డీజిల్ ఇంజను ఉన్నవారికి, సొంతంగా లేదా ఊరుమ్మడిగా కానుగ చెట్లు ఉన్నవారికి మాత్రమే ఇది ఉద్దేశించినది.

ఇది కొత్త ఊహ కాదు

1900లో పారిస్ నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. మన బుడ్డల నూనే! డీజిల్ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలే ఈ విషయాన్ని తర్వాత 1912లో చెప్పారు. తర్వాత రాతి నూనె చవకగా దొరకడంతో లోకం ఆ దారి మరచిపోయింది.

మనకు దగ్గరలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో, అంటే మన పెద్దలు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే చోట, మెకానికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు ఉడుపి శ్రీనివాస ఈ పని మళ్ళీ చేపట్టారు. 1990ల చివర, 2000 తర్వాతి మొదటి ఏళ్ళలో కగ్గనహళ్ళి అనే మెట్ట గ్రామంలో కానుగ నూనెతో జనరేటర్లు నడిపి, ఆ కరెంటుతో బోర్ల నీళ్ళు తోడించారు. కన్నడంలో కానుగను హొంగె అంటారు. హిందూపురం వైపు వారికి ఈ పేరు తెలిసినదే.

అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ అనే గోండు గూడెంలో మహిళా సంఘాలు కానుగ మొక్కలు పెంచి, నూనె మిల్లు నడిపాయి. ఆ నూనె వాడితే గాలిలో చేరకుండా ఆగే బొగ్గుపులుసు గాలికి వెలకట్టి, 147 టన్నుల లెక్కన 2003లో ప్రపంచ బ్యాంకు ఆ గూడేనికి 645 డాలర్లు చెల్లించింది. సొమ్ము చిన్నదే అయినా ఒక గిరిజన గూడేనికి ఆ రోజుల్లో అది పెద్ద పేరు.

అయితే జనరేటరుకూ మన కుంట దగ్గరి ఇంజనుకూ తేడా ఉంది. జనరేటరు ఒకసారి మొదలైతే గంటల తరబడి ఒకే బరువు మీద నడుస్తుంది. మన ఇంజను అలా కాదు. గంట నడిచి ఆగుతుంది, పైపు మార్చడానికి ఆగుతుంది, నీళ్ళు తగ్గితే ఆగుతుంది. ఈ ఆగడం, మొదలుకావడం దగ్గరే చిక్కంతా ఉంది.

నూనె ఎక్కడ అడ్డం తిరుగుతుంది?

ఇంజను పక్కనున్న ఫ్యూయల్ పంపు డీజిల్‌ను చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల ఒత్తిడితో నాజిల్‌కు తోస్తుంది. నాజిల్ కొసన వెంట్రుకల్లాంటి సన్నని రంధ్రాలుంటాయి, ఒక్కొక్కటి మిల్లీమీటరులో మూడో నాలుగో వంతు. అందులోంచి డీజిల్ మంచులా చిమ్ముతుంది. లోపల కుదించుకుపోయి మండుతున్న గాలిలో ఆ మంచు క్షణంలో అంటుకుంటుంది.

ఇప్పుడు చిక్కదనం సంగతి. వేసవి మధ్యాహ్నపు వేడి దగ్గర, అంటే 40 డిగ్రీల దగ్గర, డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోకులు. ఇది చిక్కదనానికి కొలమానం, నీరు అయితే దాదాపు 1. కానుగ నూనె అదే వేడి దగ్గర 40 దరిదాపుల్లో ఉంటుంది. అంటే డీజిల్ కన్నా పదింతలు చిక్కన. ఇది నాజిల్‌లోంచి మంచులా చిమ్మదు, చినుకుల్లా పడుతుంది. ఆ చినుకులు పూర్తిగా మండకుండా పిస్టన్ తల మీద, సిలిండర్ గోడల మీద పడి మసిబొగ్గుగా కరుడుకడతాయి. రింగులు గాడుల్లో అతుక్కుపోతాయి. మండని నూనె కిందికి జారి ఇంజనాయిలులో కలిసి దాన్ని జిగురులా మార్చేస్తుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. చల్లటి కానుగ నూనె నేరుగా పోసినా ఇంజను మొదటి రోజు నడుస్తుంది, వారం కూడా నడుస్తుంది. పొగ కాస్త ఎక్కువ, అంతే. "ఏం కాలేదే" అని అనుకుంటాం. వందల గంటలు గడిచాక ఒకరోజు స్టార్ట్ కాదు. విప్పి చూస్తే రింగులు, నాజిల్, పిస్టన్ అన్నీ మార్చవలసి వస్తుంది. డీజిల్‌లో మిగిల్చిన డబ్బంతా బోరింగ్ షాపుకే పోతుంది.

మందు ఒక్కటే, వేడి. కానుగ నూనెను 90 డిగ్రీల దాకా వేడి చేస్తే చిక్కదనం 10 దరిదాపులకు దిగుతుంది. డీజిల్ అంత పలచన కాకపోయినా నాజిల్ ఓర్చుకోగలదు. ఇంజను కూడా అప్పటికే వేడెక్కి ఉండాలి.

అందుకే డీజిల్‌తో మొదలుపెట్టి నూనెకు తిప్పే పద్ధతి వచ్చింది. పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరసనాయిలుకు తిప్పే చిన్న పంపుసెట్లు మన పల్లెల్లో చాలాకాలం నడిచాయి గదా! అక్కడ కూడా కారణం ఇటువంటిదే. కిరసనాయిలు చల్లటి ఇంజనులో ఆవిరి కాదు, వేడెక్కాకే మండుతుంది.

కాక్ ఎక్కడ బిగించాలి? అసలు కిటుకు ఇదే

మెకానిక్కుతో "రెండు ట్యాంకులు పెట్టు" అంటే సాధారణంగా ఏం చేస్తాడు? రెండు ట్యాంకుల పైపులూ ఒక త్రీవే కాక్‌లో కలిపి, అక్కడి నుంచి పాత ఫిల్టరుకు, ఫిల్టరు నుంచి పంపుకు వేస్తాడు. చూడడానికి శుభ్రంగా ఉంటుంది. ఖర్చు తక్కువ. కానీ ఈ అమరిక పనికిరాదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

5 హెచ్.పి. ఇంజను నిండు బరువు మీద గంటకు సుమారు లీటరు తాగుతుంది. అంటే నిమిషానికి 17 మిల్లీలీటర్లు కూడా కాదు. ఫిల్టరు గిన్నె అరలీటరు పట్టేదనుకుందాం. మీరు ఆపబోయే ముందు కాక్‌ను డీజిల్‌కు తిప్పారు. గిన్నెలో ఉన్న అరలీటరు కానుగ నూనె ఖర్చు కావడానికే 30 నిమిషాలు పడుతుంది. అది కూడా కలవకుండా వరుసగా పోతే! నిజానికి గిన్నెలో కొత్త డీజిల్, పాత నూనె కలిసిపోతాయి. నూనె పాలు నూటికి అయిదు వంతులకు దిగాలంటే గిన్నెకు మూడింతలు, అంటే లీటరున్నర డీజిల్ పారాలి. గంటన్నర! అంతసేపు ఎవరు ఆగుతారు? అయిదు నిమిషాలు చూసి ఆపేస్తారు. పంపులోనూ నాజిల్‌లోనూ నూనె నిలిచిపోతుంది, చల్లారి గడ్డుబారుతుంది. పొద్దున హ్యాండిల్ తిప్పితే ఇంజను మూలుగుతుంది తప్ప అందుకోదు.

కాబట్టి కాక్ ఫిల్టరుకు ముందు కాదు, తర్వాత ఉండాలి. డీజిల్‌కు దాని ఫిల్టరు దానికి, నూనెకు దాని ఫిల్టరు దానికి. రెండు ఫిల్టర్లూ దాటిన తర్వాత, పంపుకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా కాక్. అప్పుడు కాక్ తర్వాత మిగిలేది జానెడు మూరెడు పైపు, పంపు కడుపు, నాజిల్ పైపు మాత్రమే. 6 మి.మీ. బోలు ఉన్న పైపు మీటరు పొడవుకు 28 మిల్లీలీటర్లే పడుతుంది. మూరెడు పైపు, పంపు అన్నీ కలిపినా 50 మిల్లీలీటర్లు మించకుండా చూసుకోవచ్చు. అది 3 నిమిషాల ఖర్చు. మూడింతలు వేసుకున్నా 10 నిమిషాల్లో లైను శుభ్రపడుతుంది. ఫిల్టరు ఒకటి అదనంగా కొన్నందుకు గంటన్నర పది నిమిషాలైంది.

ఈ పది నిమిషాలూ పంపు నీళ్ళు తోడుతూ ఉండగానే నడపాలి. బెల్టు తీసేసి ఖాళీగా తిప్పితే ఇంజను తాగే డీజిల్ మూడో వంతుకు పడిపోతుంది, పది నిమిషాల పని అరగంట పడుతుంది. పైగా బరువు లేని ఇంజను చల్లబడి మసి మరింత పడుతుంది. ఆఖరి మడికి నీళ్ళు పారుతుండగానే కాక్ తిప్పడం అలవాటు చేసుకోండి.

కాక్ కొనేటప్పుడు లోపలి దారి ఎలా ఉందో అడగండి. దారి ఎల్ అక్షరంలా వంగి ఉండేది కావాలి. అది ఒక ట్యాంకు తెరిచినప్పుడు రెండోది మూసేస్తుంది. టి అక్షరంలా ఉండేది మధ్యలో నిలిస్తే రెండూ తెరుచుకొని, ఎత్తులో ఉన్న ట్యాంకులోంచి పల్లంలో ఉన్న ట్యాంకులోకి నూనె జారిపోతుంది. రెండు మామూలు కాక్‌లు పెట్టుకుందామనే వారికీ ఇదే ప్రమాదం. చీకట్లో ఒకటి మూయడం మరిచిపోతే డీజిల్ ట్యాంకు నిండా కానుగ నూనె. ఎల్ రకం కాక్‌ను సగంలో ఆపకూడదు, ఒక్క ఊపులో తిప్పాలి. సగంలో రెండు దారులూ మూసుకుపోయి గాలి పట్టేస్తుంది.

ఇంకొకటి, నాజిల్ మీదినుంచి వచ్చే సన్నటి రిటర్న్ పైపు. నాజిల్‌లో కారిన చమురు దీని గుండా వెనక్కి పోతుంది. దీన్ని పాతపద్ధతిలో డీజిల్ ట్యాంకుకో ఫిల్టరుకో వదిలేస్తే రోజూ చుక్క చుక్కగా నూనె డీజిల్‌లో చేరుతుంది. పెద్ద ఏర్పాటేమీ అక్కరలేదు. ఆ పైపును ఒక సీసాలోకి వదలండి. సాయంత్రం సీసాలోది కానుగ ట్యాంకులో పోయండి.

నూనెను వేడి చేయడం

గంటకు లీటరు నూనెను 30 డిగ్రీల నుంచి 85 డిగ్రీలకు వేడి చేయడానికి ఎంత వేడి కావాలో తెలుసా? లెక్క వేస్తే సుమారు 28 వాట్లు. చిన్న బల్బు ఇచ్చేంత! ఇంజను సైలెన్సరు గుండా, నీళ్ళ గుండా వృథాగా పోయే వేడిలో ఇది ఏ మూలకూ కాదు. కాబట్టి పెద్ద హీటరు అక్కరలేదు. చిక్కు వేరే చోట ఉంది. నూనె అంత నిదానంగా పారుతుంది కాబట్టి వేడిచేసిన చోటు నుంచి పంపుకు చేరేలోపు చల్లారిపోతుంది. అర మీటరు పైపు గాలికి వదిలేస్తే ఎక్కించిన వేడిలో సుమారు పావు వంతు పోతుంది. గాలి వీస్తుంటే ఇంకా ఎక్కువ. అందుకని హీటరు పంపు పక్కనే ఉండాలి, మధ్య పైపుకు గ్లాస్ ఊల్ చుట్టాలి.

నీళ్ళతో చల్లబడే ఇంజనైతే సిలిండర్ తల నుంచి బయటికి వచ్చే వేడినీళ్ళ పైపుకు ఒక తొడుగు వేయించి, ఆ తొడుగు గుండా నూనె పైపు పంపడం మేలు. నీరు మరగదు కాబట్టి నూనె మాడిపోయే భయం లేదు. సైలెన్సరు పొగ గొట్టం 300 డిగ్రీలు దాటుతుంది. దాని లోపలికి నూనె గొట్టం పెట్టించే మెకానిక్కులు ఉన్నారు. వద్దు. ఇంజను ఆగినప్పుడు నిలిచిన నూనె అక్కడే మాడి గొట్టం పూడుకుపోతుంది. అతుకు ఊడితే నిప్పు. గాలితో చల్లబడే ఇంజనైతే పొగ గొట్టం మీద ఇంకో రేకు గొట్టం తొడిగి, దానికి చుట్టూ నూనె పైపు చుట్టుకోవచ్చు. నూనె పైపు కాక్‌కు చేరే చోట ఒక థర్మామీటరు ఉండాలి. 70 దాటనిదే నూనెకు తిప్పరాదు.

మన పంపుసెట్లలో ఒక దురలవాటు ఉంది. తోడిన చల్లటి నీటినే నేరుగా ఇంజను చుట్టూ తిప్పి వదిలేస్తాం. ఇంజను ఎప్పుడూ గోరువెచ్చగానే ఉంటుంది. వేడెక్కకపోవడం మంచిదని మనం అనుకుంటాం గానీ డీజిల్‌కే అది మంచిది కాదు, కానుగ నూనెకైతే అసలు పనికిరాదు. ఇంజనుకు పోయే నీటి పైపుకు ఒక వాల్వు పెట్టి, బయటికి వచ్చే నీరు చేతికి సుర్రుమనేంత వేడిగా ఉండేలా నీటిని తగ్గించండి. మరీ మూసేస్తే సీజ్ అవుతుంది, కాబట్టి మొదటి రోజు థర్మామీటరుతో దగ్గరుండి చూసుకొని వాల్వు మీద గుర్తు గీసుకోవాలి.

పైపులు రాగివి, ఇత్తడివి వద్దు. జింకు పూసిన జి.ఐ. పైపూ వద్దు. కానుగ నూనెలోని ఆమ్లం వాటిని తింటుంది, ఆ లోహం నూనెలో కలిసి సబ్బులా జిగురుకట్టి ఫిల్టరును పూడుస్తుంది. మామూలు ఇనుము లేదా స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. ట్యాంకు నుంచి హీటరు దాకా నూనె చల్లగా, చిక్కగా ఉంటుంది కాబట్టి అక్కడ పైపు బోలు రెట్టింపుండాలి. బోలు రెట్టింపైతే ప్రవాహం 16 రెట్లవుతుంది. అదే దాని లాభం. ట్యాంకు పంపు కన్నా బాగా ఎత్తులో ఉండాలి.

నూనె ఎలా ఉండాలి?

మిల్లు నుంచి తెచ్చిన నూనె తెచ్చినట్టే పోయరాదు. రెండు వారాలు కదపకుండా నిలవ ఉంచితే మడ్డి అడుక్కు దిగుతుంది. పైతేట తీసి గుడ్డలో వడపోసి, బాండీలో చిటపటలు ఆగేదాకా కాచితే తేమ పోతుంది. కాచేటప్పుడు పొంగి మీద పడే ప్రమాదం ఉంది, సగానికి మించి నింపవద్దు. తడిగింజ, పురుగుపట్టిన గింజ, నిరుడు మిగిలిన గింజ ఆడిస్తే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. ఎండిన కొత్త గింజే మంచిది. నూనెను కూడా ఏడాది పొడవునా దాచవద్దు.

ఇది చేదు నూనె, తినడానికి పనికిరాదు. వంటనూనె డబ్బాల్లో పోసి ఇంట్లో పెట్టవద్దు. పిల్లలున్న ఇళ్ళు మరీ జాగ్రత్త.

"మిథనాలు, కాస్టిక్ సోడా కలిపి బయోడీజిల్ చేసుకుంటే రెండు ట్యాంకుల బాధే ఉండదు గదా" అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. మాట నిజమే. అలా మార్చిన నూనె డీజిల్‌కు దగ్గరి చిక్కదనంలో ఉంటుంది. కానీ మిథనాలు విషం, కంటిచూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. పెట్రోలులా అంటుకుంటుంది. అది పెరట్లో చేసే పని కాదు.

ఏ ఇంజనుకు తగదు?

ఈ ఏర్పాటు ఒక సిలిండరుండి, పంపును తోసే క్యాము ఇంజను ఆయిలుతో తడిసే పాతరకం పంపుసెట్టుకే. ఎంత నిదానంగా తిరిగేదైతే అంత మేలు, 650 చుట్ల పాత లిస్టరు రకం మరీ మేలు. ట్రాక్టరుకు, జీపుకు పెట్టవద్దు. కొన్ని ట్రాక్టర్ల పంపులకు డీజిలే కందెన, చిక్కటి చల్లటి నూనె తగిలితే లోపలి షాఫ్టు విరుగుతుంది. ఇక పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీలో 2019 నుంచి తయారవుతున్న కార్లలాంటి కొత్త డీజిల్ బండ్లయితే వాటి నాజిళ్ళు మన పంపుసెట్టు కన్నా ఎన్నో రెట్ల ఒత్తిడితో, కంప్యూటరు లెక్క ప్రకారం చిమ్ముతాయి. వాటి జోలికే పోవద్దు.

పశువులున్నవారు గోబర్ గ్యాసు సంగతి అడగవచ్చు. అక్కడ తిప్పడమనేది లేదు, రెండు ఇంధనాలూ ఒకేసారి మండుతాయి. గాలి పైపులో గ్యాసు కలుపుతారు, డీజిల్ అగ్గిపుల్లలా ముట్టించడానికి మాత్రమే పడుతుంది. అయిదింట నాలుగు వంతుల డీజిల్ మిగులుతుంది. కానీ 5 హెచ్.పి. ఇంజను గంట నడవాలంటే సుమారు 2 ఘనపు మీటర్ల గ్యాసు కావాలి. అది అయిదారు పశువుల ఒకరోజు పేడ. రెండు ఆవులున్న ఇంటికి ఆ గ్యాసు పొయ్యికే సరి.

గిట్టుబాటు లెక్క

రోజుకు 6 గంటలు నడిపే ఇంజను తీసుకుందాం. మొదట 10 నిమిషాలు, చివర 10 నిమిషాలు డీజిల్. అది లీటరులో మూడో వంతు. మిగిలిన 5 గంటల 40 నిమిషాలకు డీజిలైతే 5 లీటర్ల ముప్పావుకు కాస్త తక్కువ పట్టేది. కానుగ నూనెలో సత్తువ కొంచెం తక్కువ కాబట్టి నూటికి పది ఎక్కువ వేసుకుంటే 6 లీటర్ల పావు. ఎక్స్‌పెల్లరులో ఆడిస్తే 4 కిలోల గింజకు కిలో నూనె వస్తుంది. కాబట్టి రోజుకు 23 కిలోల గింజ కావాలి. 17 కిలోల పిండి మిగులుతుంది. కానుగ పిండిలో నత్రజని నూటికి 4 పాళ్ళు ఉంటుంది, వేపపిండిలాగే చేనుకు మంచి ఎరువు. మిల్లు కూలికి ఈ పిండి విలువను చెల్లు వేయవచ్చు.

డీజిల్ వంద రూపాయలనుకుంటే మిగిలింది 570 రూపాయల లోపు. దాన్ని 23 కిలోలకు పంచితే కిలో గింజకు 25 రూపాయలు కూడా రావు. అంటే బజారులో గింజ కిలో పాతిక దాటితే, కొని ఆడించి ఇంజనులో పోయడం దండగ. అప్పుడు మీ చెట్ల గింజనే అమ్మి డీజిల్ కొనుక్కోవడం మేలు. ఇంట్లో వాళ్ళు ఏరిన గింజైతే ఆ ఏరిన కూలి పాతిక లోపు పడుతుందా లేదా చూసుకోవాలి. మన ఆడవాళ్ళ కూలిని లెక్కలో వేయకుండా "ఊరికే వచ్చింది" అనడం సరి కాదు. రోజుకు గంట మాత్రమే నడిపేవారికైతే అందులో మూడో వంతు డీజిల్ మీదే గడిచిపోతుంది. వారికి ఈ ఖర్చంతా వద్దు.

2003లో ప్రణాళికా సంఘం నివేదిక వచ్చాక జట్రోఫా, అంటే అడవి ఆముదం, వేస్తే బంగారమన్నారు. బీడులో నీళ్ళు లేకుండా అది కాయలేదు. కానుగ మొక్క నాటినా కాపుకు అయిదారేళ్ళు పడుతుంది. కాబట్టి ఇంజను కోసమని వేరుశనగ చేనులో కానుగ తోట వేయడం తొందరపాటు. గట్ల మీద, కట్టల మీద ఉన్న చెట్ల కాయను నలుగురు కలిసి ఏరి, ఒకేసారి ఆడించి, ఒకరిద్దరి ఇంజన్లకు మాత్రమే ఈ అమరిక చేయించి ఆ ఇంజనునే వంతులవారీగా వాడుకోవడం ఇప్పటికి తెలివైన దారి.

మొదలుపెట్టాక చూడవలసినవి

ఇంజనాయిలు మామూలుగా మార్చే గంటల్లో సగానికే మార్చండి. గేజి పుల్ల మీద ఆయిలు మట్టం తగ్గకుండా పెరుగుతున్నా, వేళ్ళ మధ్య రాస్తే జిగురుగా సాగినా నూనె కిందికి దిగుతున్నదని అర్థం. వెంటనే నిలపాలి. మొదట 50 గంటలకు, ఆ తర్వాత ప్రతి 100 గంటలకు నాజిల్ విప్పించి పంపు షాపులో పరీక్ష చేయించండి. చిమ్మకుండా చుక్క కారుతుంటే శుభ్రం చేయించాలి. ఒత్తిడి పెంచడం, టైమింగు జరపడం షాపువాళ్ళ పని, చేనులో స్పానరుతో చేసేది కాదు.

సగం బరువు కన్నా తక్కువ మీద, ఉదాహరణకు ఒక్క చిన్న పైపుకు నీళ్ళు పెట్టేటప్పుడు, డీజిల్ మీదే నడపండి. ట్యాంకు అడుగంటేదాకా రానివ్వకండి, గాలి పడుతుంది.

ఎప్పుడైనా మరిచిపోయి నూనె మీదే ఆపేశారనుకోండి. హ్యాండిల్‌తో కుస్తీ పట్టవద్దు. కాక్‌ను డీజిల్‌కు తిప్పి, పంపు దగ్గరి గాలి స్క్రూ వదిలి, పచ్చని చిక్కటి నూనె పోయి పలచటి డీజిల్ వచ్చేదాకా కారనివ్వండి. తర్వాత నాజిల్ పైపు నట్టు వదులు చేసి, డీజిల్ చిమ్మేదాకా హ్యాండిల్ నిదానంగా తిప్పి, నట్టు బిగించి స్టార్ట్ చేయండి. కారిన నూనెను గిన్నెలో పట్టి మళ్ళీ కానుగ ట్యాంకులోనే పోసుకోవచ్చు.